రిపోర్టులో పొటాషియం అని ఉంటే అరటిపండ్లు తినాలా?

కోనసీమ నుంచి ఒక అమ్మాయి రాసిన నాలుగు పేజీల ఉత్తరం ఇది. ఊరూ పేరూ తీసేసి, సంగతి మాత్రం చెబుతాను.

ఆమెకు ఇరవై ఆరేళ్లు. మేనమామ కొడుకునే చేసుకుంది. తొలి కాన్పు. బాబు నెలలు నిండి, మూడు కిలోల బరువుతో ఏ ఇబ్బందీ లేకుండా పుట్టాడు. మూడో రోజు రాత్రి పాలు తాగుతూ తాగుతూ ఒక్కసారి బిగుసుకుపోయాడు. తల ఒక పక్కకు తిరిగిపోయింది, పెదాలు నీలమయ్యాయి, తర్వాత కాళ్లూ చేతులూ కొట్టుకున్నాడు. నిమిషం గడిచేసరికి మామూలైపోయి మళ్లీ పాల కోసం ఏడ్చాడు. తెల్లారేలోపు ఇలా ఐదుసార్లు. పట్నం తీసుకెళితే తొమ్మిది రోజులు ఎన్‌ఐసీయూలో ఉంచారు. షుగర్, కాల్షియం, ఇన్ఫెక్షన్ పరీక్షలు, ఎమ్మారై అన్నీ బాగున్నాయి. మొదటి మందుతో ఫిట్స్ పూర్తిగా ఆగలేదు. కార్బమజెపైన్ సిరప్ మొదలుపెట్టాక ఆగాయి. ఆ తర్వాత తల్లి, తండ్రి, బిడ్డ ముగ్గురి రక్తమూ జన్యు పరీక్షకు పంపారు. బాబులో కేసీఎన్‌క్యూ2 అనే జన్యువులో మార్పు ఉందని, అది ‘పొటాషియం చానెల్’ జన్యువని, అదే మార్పు తండ్రిలోనూ ఉందని, తల్లిలో లేదని రిపోర్టు వచ్చింది. ‘కొన్ని నెలల్లో తగ్గిపోయే రకం, కంగారు పడకండి’ అన్నారట డాక్టరు. బాబుకి ఇప్పుడు మూడున్నర నెలలు. రెండు నెలలుగా ఫిట్స్ లేవు. మెడ నిలుపుతున్నాడు, పలకరిస్తే నవ్వుతున్నాడు.

ఆమె బాధంతా ఇంట్లోనే ఉంది. గ్రహణం రోజు కూరగాయలు తరిగావని, అందుకే ఇలా అయిందని అత్తగారు అంటున్నారు. చుట్టాలు మేనరికం వల్లే అంటున్నారు. రిపోర్టులో పొటాషియం మాట చూసిన మర్నాటి నుంచి బాలింతకు రోజూ నాలుగు అరటిపండ్లు, మూడు కొబ్బరి బొండాలు. పాలతో బిడ్డకు పొటాషియం వెళుతుందట. ఈ మధ్య బాబు నోట్లో కూడా చెంచాడు బొండాం నీళ్లు పోస్తున్నారు. ఫిట్స్ ఆగిపోయాయి కాబట్టి సిరప్ మానేసి తాయెత్తు కట్టిద్దామంటున్నారు. తండ్రి రిపోర్టు చూశాక మాత్రం అత్తగారు ఏడ్చి, ‘వీడికీ పురిట్లో ఇలాగే రెండు నెలలు వచ్చింది, ఎవరికీ చెప్పలేదు’ అన్నారు. భర్తకు అప్పటిదాకా ఆ సంగతే తెలియదు. ఇప్పుడు ఆయన ఎవరితోనూ మాట్లాడడం లేదు. పైగా ఆయన చెల్లెలు ఆరో నెల గర్భిణి. ఆమెకు ఈ మాట చెప్పొద్దని భర్తా అత్తగారూ ఒట్టు వేయించుకున్నారు. ‘చెప్పకపోతే పాపం, చెబితే ఇంట్లో గొడవ. రిపోర్టు పొటాషియం అంటుంటే మందు కాగితంలో సోడియం చానెల్ మందు అని ఉంది. మందు తప్పు ఇచ్చారా? ఇంటర్నెట్‌లో చదివితే నిద్రపట్టడం లేదు. నేనేం చేయాలి?’ ఇదీ ఆమె అడిగింది.

అమ్మా,

అరటిపండుతోనే మొదలుపెడతాను. ఎందుకంటే మీరిది చదివే రోజు సాయంత్రం కూడా మీకు మూడో బొండాం కొట్టి ఇస్తారు.

పొటాషియం చానెల్‌లో లోపం అంటే ఒంట్లో పొటాషియం తక్కువైందని కాదు. చానెల్ అంటే దారి. నాడీకణం చుట్టూ ఉన్న పల్చటి పొరలో పొటాషియం బయటకు వెళ్లడానికి ఉన్న సన్నని తూము. తూము ఇరుకైతే ఎగువన నీళ్లు పెంచి ఏం ప్రయోజనం? రక్తంలో పొటాషియం లీటరుకు దాదాపు 3.5 నుంచి 5 మిల్లీమోల్స్ మధ్య ఉండాలి. మీరు ఎన్ని గెలలు తిన్నా, ఎక్కువైనదాన్ని మీ మూత్రపిండాలు బయటకు పంపేస్తాయి. మెదడు ఇంకా జాగ్రత్త. రక్తంలో కాస్త అటూఇటూ అయినా తన చుట్టూ ఉండే ద్రవంలో పొటాషియం మారకుండా చూసుకుంటుంది. అసలు నాడీకణం బయట పొటాషియం నిజంగా పెరిగిపోతే, కణం శాంతించదు, ఇంకా రెచ్చిపోతుంది. అంటే మీ ఇంట్లో అనుకుంటున్నది అటునుంచి చూసినా తప్పే.

కాబట్టి మీరు అరటిపండు తినండి, ఇష్టమైతే. చుట్టూ అరటి తోటలు పెట్టుకుని తినొద్దంటే ఎలా? మందుగా మాత్రం తినకండి. బాబుకి బొండాం నీళ్లు ఈ రోజే ఆపేయాలి. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు, డాక్టరు రాసిన మందు, అంతే. వస రాయడం, వస నాకించడం లాంటివి కూడా వద్దు. ఈ ఉత్తరంలో నేను గట్టిగా చెప్పే మాటలు రెండో మూడో ఉంటాయి. ఇది ఒకటి.

ఇప్పుడు ఆ తూము ఏమిటో, దానికీ ఫిట్స్‌కీ సంబంధం ఏమిటో చెప్పాలి. నేను మెడికల్ కాలేజీలో పాతికేళ్లు ఫిజియాలజీ చెప్పినదాన్ని. పొడుగ్గా చెబితే ఓర్చుకోండి. ఇది అర్థమైతే మీ ఇంట్లో సగం గొడవలకు జవాబు దొరుకుతుంది.

మీది కాలువల ప్రాంతం. పొలానికి రెండు కాలువలు కావాలి కదా. నీళ్లు తెచ్చే పంట కాలువ ఒకటి, ఎక్కువైన నీళ్లు తీసుకుపోయే మురుగు కాలువ ఒకటి. నాడీకణం కూడా అంతే. సోడియం చానెళ్లు తెరుచుకుంటే సోడియం లోపలికి దూసుకొచ్చి కణం ఒక్కసారి ‘మోగుతుంది’. ఆ మోత వెయ్యోవంతు సెకనుకు కాస్త అటూఇటూగా ముగుస్తుంది. ఎలా ముగుస్తుంది? పొటాషియం చానెళ్లు తెరుచుకుని, లోపల ముప్పై నలభై రెట్లు ఎక్కువగా ఉన్న పొటాషియాన్ని బయటకు వదలడం వల్ల. పొటాషియంతో పాటు ఆ విద్యుత్తూ దిగిపోయి, కణం మళ్లీ తన మామూలు మట్టానికి, దాదాపు మైనస్ 70 మిల్లీవోల్టులకు, చేరుతుంది. పంట కాలువ సోడియం, మురుగు కాలువ పొటాషియం అనుకోండి. 1952లో హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అనే ఇద్దరు ఇంగ్లండ్ శాస్త్రజ్ఞులు సముద్రపు స్క్విడ్ నరం మీద కొలిచి లెక్కలతో సహా తేల్చిన సంగతి ఇది.

అయితే మురుగు కాలువ ఒక్కటే కాదు. మనిషిలో పొటాషియం చానెళ్లకు సంబంధించిన జన్యువులే డెబ్బై ఎనభై దాకా ఉన్నాయి. ఒక్కో రకం చానెల్‌ది ఒక్కో వేగం. కొన్ని మెరుపులా తెరుచుకుని మూసుకుంటాయి. సెకనుకు వందలసార్లు మోగగలిగే కణాలకు అవి కావాలి. మనం దేని మీదైనా మనసు పెట్టినప్పుడు మెదడులో వచ్చే వేగమైన గామా లయ ఆ కణాల పుణ్యమే. కొన్ని ఎప్పుడూ కాస్త తెరిచే ఉంటాయి. నిద్ర వేళకు మెదడు లోపలి థాలమస్ కణాల్లో ఆ కారుదల పెరిగి, కణాలు ఇంకా కిందికి దిగి, గుంపుగా మెల్లగా ఊగడం మొదలుపెడతాయి. గాఢనిద్రలో ఈఈజీ మీద కనిపించే పెద్ద పెద్ద నిదానమైన అలల వెనక ఆ ఊగడం ఉంది. మీ బాబు తలకు వైర్లు అంటించి తీశారే, ఆ ఈఈజీలో గీతలు గీసేది ఏ ఒక్క కణమో కాదు, లక్షల కణాలు కలిసి వేసే తాళం. ఒక దరువుకీ ఇంకో దరువుకీ మధ్య ఎంత ఖాళీ ఉండాలో చెప్పేది చాలావరకు పొటాషియం చానెళ్లే. మోగించడం సోడియం పని. ఆగడం, ఎంతసేపు ఆగాలో చూసుకోవడం పొటాషియం పని. తాళంలో ఆగడం తెలియని వాడి చేతికి మృదంగం ఇస్తే ఏమవుతుందో ఊహించుకోండి.

మీ బాబు రిపోర్టులో ఉన్న కేసీఎన్‌క్యూ2 ఈ చానెళ్లలో నిదానమైనది. 1980లో బ్రౌన్, ఆడమ్స్ అనే ఇద్దరు కప్ప నాడీకణాల్లో దీని విద్యుత్తును కనిపెట్టి ‘ఎం కరెంట్’ అని పేరు పెట్టారు. కణం మోగడానికి కొంచెం దూరంలో ఉండగానే ఇది మెల్లగా తెరుచుకుంటుంది, తెరుచుకుంటే తొందరగా మూసుకోదు. ఒకసారి మోగిన కణం ఊరికే పదేపదే మోగకుండా పట్టి ఉంచేది ఇదే. మనం ఉలిక్కిపడి మేలుకున్నప్పుడో, శ్రద్ధగా వింటున్నప్పుడో, అసిటైల్‌కోలిన్ అనే రసాయనం వచ్చి ఈ చానెల్‌ను కాసేపు మూయిస్తుంది, కణాలు చురుకవుతాయి. అంటే ఇది అవసరాన్ని బట్టి తీసి మూసే తూము. మీ బాబులో అది పుట్టుకతోనే కొంచెం ఇరుకు. ఎంత ఇరుకు? ఇలాంటి కుటుంబాల్లో దొరికిన మార్పుల్ని ప్రయోగశాలలో పరీక్షిస్తే, కరెంటు పావు వంతు తగ్గినా పసిపిల్లల్లో ఫిట్స్ రావడానికి చాలని తేలింది.

‘పావు వంతే అయితే పెద్దయ్యాక ఎందుకు రాదు, మూడో రోజే ఎందుకు వచ్చింది’ అని మీరు రాశారు. నాకు బాగా నచ్చిన ప్రశ్న. పెద్దవాళ్ల మెదడులో కణాలను శాంతపరిచే ప్రధాన రసాయనం గాబా. పుట్టిన కొత్తలో మాత్రం నాడీకణాల లోపల క్లోరైడ్ ఎక్కువ ఉండడం వల్ల గాబా సరిగా శాంతపరచలేదు, కొన్నిచోట్ల ఎదురు రెచ్చగొడుతుంది కూడా. అందుకని ఆ కొన్ని వారాలూ ఊరి నీరంతా ఈ ఒక్క మురుగు కాలువ మీదే పోవాలి. అది ఇరుకైతే పొలం మునుగుతుంది. నెలలు గడిచేకొద్దీ గాబా తన అసలు పనిలోకి వస్తుంది, పొటాషియం చానెళ్లూ ఎక్కువవుతాయి, మిగతా కాలువలు తవ్వినట్టవుతుంది. అప్పుడు ఆ ఇరుకు కాలువ ఇరుకుగానే ఉన్నా ముంపు రాదు. ఇలా తరతరాలుగా పసికందులకు ఫిట్స్ వచ్చి పోయే కుటుంబం గురించి 1964లో వియన్నాలో రెట్, టాయ్‌బెల్ అనే డాక్టర్లు రాశారు. కారణమైన జన్యువు దొరకడానికి 1998 దాకా పట్టింది. ఈ రకాన్ని ఇప్పుడు డాక్టర్లు ‘తనంతట తాను సద్దుమణిగేది’ అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తున్నారు.

మందు సంగతి కూడా ఇక్కడే తేలిపోతుంది. మురుగు కాలువ ఇరుకైందని తెలిస్తే రైతు ఏం చేస్తాడు? పూడిక తీయడం కుదరకపోతే పైన పంట కాలువ తూము కాస్త దించుతాడు. కార్బమజెపైన్ చేసేది అదే. సోడియం దారిని కొంచెం తగ్గిస్తుంది. పైగా ఈ రెండు రకాల చానెళ్లూ నాడీకణంలో ఒకే చోట, మోత మొదలయ్యే మొదట్లోనే, పక్కపక్కన ఉంటాయి. అందుకే కేసీఎన్‌క్యూ2 పిల్లల్లో ఈ తరహా మందులు బాగా పనిచేస్తాయి. మీ డాక్టరు తప్పు మందు ఇవ్వలేదు, ఆలోచించి ఇచ్చారు. పొటాషియం తూమునే తెరిచే మందు ఒకటి 2011లో వచ్చింది, రెటిగాబిన్ అని. కొందరిలో చర్మం, గోళ్లు నీలంగా మారడం, కంటి లోపలి పొరలో రంగు పేరుకోవడం చూశాక దాని వాడకం తగ్గిపోయింది, 2017లో అమ్మకం ఆపేశారు. దాని గురించి మీరు ఎక్కడైనా చదివి అడగకముందే చెబుతున్నాను.

ఇంటర్నెట్ భయం. మీరు చదివినవి రెండు వేరు వేరు సంగతులు. మొదటిది, కేసీఎన్‌క్యూ2లోనే తీవ్రమైన రకం. అది నిజంగా ఉంది, దాచను. ఒక్కో చానెల్ నాలుగు ముక్కలు కలిసి తయారవుతుంది. కొన్ని మార్పుల్లో చెడిన ముక్క తను పనిచేయకపోగా, కలిసిన మంచి ముక్కల్ని కూడా పనిచేయనివ్వదు. అప్పుడు కరెంటు సగానికన్నా కిందికి పోతుంది. ఆ పిల్లలకు మొదటి వారం నుంచే రోజుకు చాలాసార్లు ఫిట్స్ వస్తాయి, ఫిట్స్ లేని వేళల్లో కూడా ఈఈజీ బాగా చెదిరి ఉంటుంది, ఒళ్లు వదులుగా ఉంటుంది, చూపు నిలపరు, ఎదుగుదల వెనకబడుతుంది. ఆ రకం మార్పు చాలావరకు తల్లిదండ్రుల్లో లేకుండా బిడ్డలోనే కొత్తగా వస్తుంది. మీ బాబుకి తండ్రి నుంచి వచ్చింది. ఆ తండ్రి పెరిగి, చదువుకుని, పెళ్లి చేసుకుని మీ ఎదురుగా ఉన్నాడు. బాబు రెండు ఫిట్స్ మధ్యలో పాల కోసం ఏడ్చాడు, ఇప్పుడు మెడ నిలుపుతున్నాడు. ఇవన్నీ మంచి గుర్తులే. పూర్తిగా నిశ్చింత అని మాత్రం అనను. ఈ తేలిక రకం పిల్లల్లో కూడా కొందరికి జ్వరంతోనో, తర్వాత ఎప్పుడో పెద్దయ్యాకో మళ్లీ ఫిట్స్ రావచ్చు. అందుకని ఎదుగుదల చూపించే చెకప్పులు మానకండి.

రెండోది, గుండె ఆగిపోవడం గురించి మీరు చదివింది. అది కేసీఎన్‌క్యూ1. ఒక్క అంకె తేడా. అన్నదమ్ముల్లాంటి జన్యువులే గానీ దాని కాపురం ముఖ్యంగా గుండెలో, దీనిది నరాల్లో. మీ రిపోర్టులో ఉన్నది 2.

ఇక నిందల దగ్గరికి వద్దాం. గ్రహణం రోజు మీరు కూరగాయలు తరిగిన మాట నిజమే అనుకుందాం. ఆ మార్పు మీ భర్త రక్తంలో ఆయన పుట్టినప్పటి నుంచి ఉంది. అంటే ఆ గ్రహణానికి ముప్పై ఏళ్ల ముందే ఉంది. కత్తిపీట మీద ఇక కేసు నిలవదు. మేనరికం మాటకు కాస్త వివరం కావాలి. మేనరికం వల్ల కొన్ని జబ్బులు రావడం నిజం. అవి తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు చెడ్డ ప్రతులూ కలిస్తేనే వచ్చే జబ్బులు. ఇది అలాంటిది కాదు. ఒక్క ప్రతి చాలు. మీ భర్త ఎక్కడో ఢిల్లీ అమ్మాయిని చేసుకున్నా, ఆ బిడ్డకు ఈ మార్పు వచ్చే అవకాశం సగం. మీకు ఇంకో బిడ్డ పుట్టినా సగమే. ఆ సగం మీ తప్పూ కాదు, మీ భర్త తప్పూ కాదు. మనలో ఎవరి జన్యువుల్ని వాళ్లు ఏరుకుని తెచ్చుకోలేదు.

‘తప్పు వాళ్లదే అని తేలింది కదా, ఇప్పుడు నేను గట్టిగా అడగొచ్చా’ అని మూడో పేజీలో రాశారు. అడగొచ్చు. మూడు నెలలుగా మీరు పడ్డదానికి ఆ కోపం వస్తుంది. కానీ రిపోర్టును ఆయుధం చేసుకుంటే ముందు తగిలేది అత్తగారికి కాదు, మీ బావకి. ఆయన ఇప్పటికే తనను తాను నేరస్తుడిలా చూసుకుంటున్నాడని మీరే రాశారు. ఇంకో సంగతి కూడా ఉంది, దాన్ని చివర్లో చెబుతాను. అది విన్నాక మీకే ఆ పోట్లాట మీద ఆసక్తి పోవచ్చు.

అత్తగారి విషయంలో నాకు అనిపించింది చెప్పనా? ముప్పై ఏళ్ల కిందట ఆవిడ కూడా మీలాగే పచ్చి బాలింత. ఒళ్లో బిడ్డ నీలమైపోతుంటే కారణం చెప్పేవాళ్లు లేరు. చెబితే తననే అంటారని దాచుకుంది. ఈ రోజు మీ మీద వేస్తున్న నింద, ఆ రోజు తన మీద పడకుండా తప్పించుకున్నదే. ఇది ఆవిడను వెనకేసుకొచ్చే మాట కాదు. ఆవిడతో మాట్లాడే రోజు వస్తే, ‘మీరు అప్పుడు ఎలా ఓర్చుకున్నారత్తయ్యా’ అని మొదలుపెడితే తలుపు తెరుచుకుంటుందేమో అని.

సిరప్ మానేయడం నేను గట్టిగా చెప్పే రెండో మాట. మీ అంతట మీరు ఆపొద్దు. ఫిట్స్ రాకపోవడానికి వయసు ఎంత కారణమో, మందు ఎంత కారణమో ఇంకా తెలియదు. ఉన్నట్టుండి ఆపితే ఒక్కోసారి ముందుకన్నా గట్టిగా వస్తాయి. ఈ రకంలో మందు ఏళ్ల తరబడి వాడాల్సిన పని సాధారణంగా ఉండదు. కొన్ని నెలలు ప్రశాంతంగా గడిచాక డాక్టరే మెల్లమెల్లగా తగ్గిస్తారు. వచ్చే చెకప్‌లో ‘ఎప్పుడు తగ్గిస్తారు, ఎలా’ అని అడిగి, ఆ తేదీ అత్తగారికి చెప్పండి. ఆవిడకు కావాల్సింది ఎప్పటికైనా ఆపుతారన్న భరోసా. తాయెత్తు కట్టాలంటే కట్టనివ్వండి, దారం మెడకు కాకుండా, బిడ్డ నోట్లో పెట్టుకోలేని చోట, వదులుగా. తాయెత్తుకు ఈ జబ్బులో మంచి పేరు రావడానికి కారణం కూడా ఉంది లెండి. ఎలాగూ కొన్ని నెలల్లో పోయే జబ్బుకు ఏది కట్టినా పనిచేసినట్టే కనిపిస్తుంది.

మళ్లీ ఫిట్స్ వస్తే బాబుని పక్కకు తిప్పి పడుకోబెట్టండి. టైం చూడండి. చేతిలో తాళంచెవులు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం, నోట్లో నీళ్లు పోయడం వద్దు. ఎవరైనా ఒకరు ఫోన్‌లో వీడియో తీస్తే డాక్టరుకు పది మాటలకన్నా అది ఎక్కువ ఉపయోగం. ఐదు నిమిషాలు దాటినా, వెంటవెంటనే వస్తున్నా, మధ్యలో తేరుకోకపోయినా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్లండి.

ఇప్పుడు ఆడపడుచు సంగతి. మీ ఉత్తరంలో అసలు ముడి ఇదే. లెక్క చెబుతాను. ఈ మార్పు మీ భర్తకు తన తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చి ఉంటే, చెల్లెలికి కూడా వచ్చి ఉండే అవకాశం సగం. ఆమెకు ఉంటే బిడ్డకు సగం. కలిపి చూస్తే బిడ్డకు పావు వంతు. ఆమెకు పురిట్లో ఫిట్స్ రాలేదని అత్తగారు కచ్చితంగా చెబితే ఆ పావు ఇంకా తగ్గుతుంది, సున్నా మాత్రం కాదు. మార్పు ఉండి కూడా ఫిట్స్ రానివాళ్లు కొందరు ఉంటారు. ఒకవేళ మీ భర్తలోనే కొత్తగా మొదలై ఉంటే చెల్లెలికి భయమే లేదు. ఎందుకో నేనలా అనుకోవడం లేదు.

చెప్పకుండా ఊరుకుంటే ఏమవుతుంది? మూడు వంతులు ఏమీ కాదు. నాలుగో వంతు జరిగితే మాత్రం ఎక్కడ జరుగుతుందో ఆలోచించారా? తొలి కాన్పు కదా, ఆ అమ్మాయి పురిటికి పుట్టింటికే వస్తుంది. అంటే మీ ఇంటికే. మూడో రోజో నాలుగో రోజో ఆ బిడ్డ నీలమైపోయేది మీ అందరి కళ్ల ముందే. అల్మరాలో మీ బాబు సిరప్ సీసా ఉంటుంది. అప్పుడు చెప్పాల్సి వస్తుంది, ఆ అమ్మాయి అత్తింటివాళ్లు ‘తెలిసి దాచారా’ అని అడుగుతుండగా. మీ ఇంట్లో ముప్పై ఏళ్ల తర్వాత బయటపడ్డ మాట, ఆ ఇంట్లో మూడు రోజుల్లో బయటపడుతుంది.

చెబితే ఏమవుతుంది? ఆరో నెలలో ఉన్న పిల్లకు టెన్షన్. అత్తింట్లో ఎవరైనా ఒక మాట అనొచ్చు. అది చిన్న విషయం కాదు, మీరు అనుభవిస్తున్నదే. లాభం ఏమిటంటే, పిల్లల డాక్టరు ఫైలులో ఒక వాక్యం చేరుతుంది: ‘మేనమామకూ, ఆయన బిడ్డకూ కేసీఎన్‌క్యూ2 మార్పు ఉంది.’ ఫిట్స్ వస్తే మామూలు పరీక్షలు ఎలాగూ చేస్తారు, చేయాలి కూడా. కానీ ఏది వెతకాలో, ఏ మందు ముందు ఆలోచించాలో మొదటి రోజే తెలుస్తుంది. మీరు కారణం తెలియక ఎదురుచూసిన వారాలు ఆమెకు తప్పుతాయి. కడుపులో ఉండగానే బిడ్డకు పరీక్ష చేయించాలా అంటే, ఇంత తేలిక రకానికి, ఈ నెలల్లో, నాకు అవసరం కనిపించడం లేదు. కావాలంటే ఆ అమ్మాయి రక్తం మాత్రం పరీక్షించుకోవచ్చు. తెలిసిన ఒక్క మార్పు కోసమే వెతకడం కాబట్టి మీరు చేయించిన పెద్ద పరీక్షకన్నా తేలిక.

ఎవరు చెప్పాలి? మీరు ఒట్టు వేశారు. పైగా ఆ రిపోర్టులో సగం మీ భర్తది, చెప్పే హక్కూ ఆయనదే. మీరే ఫోన్ చేసి చెప్పేస్తే మనసు తేలికవుతుంది, కాపురం బరువెక్కుతుంది. అందరికన్నా మంచిది ఆయన చెప్పడం. సీమంతానికి ఎలాగూ అందరూ కలుస్తారు. ఆ రోజు మాత్రం కాదు, అంతకు ముందో తర్వాతో, అన్నాచెల్లెళ్లిద్దరే కూర్చుని. ‘నాకు చిన్నప్పుడు వచ్చింది, బాబుకి వచ్చింది, తగ్గింది. మీ డాక్టరుకు ఒక మాట చెప్పుకో’ అంటే ఐదు నిమిషాల మాట. ఆయన నోరు రాకపోతే జన్యు కౌన్సెలర్ దగ్గరో, మీ డాక్టరు దగ్గరో అడిగితే బంధువులకు చూపించుకోవడానికి ఒక పేజీ ఉత్తరం రాసిస్తారు. అన్న ఆ కాగితం చెల్లెలికి పంపితే చాలు. అదీ కాదంటే, ఇప్పటికి ఊరుకుని, పురిటికి వచ్చాక ఆమె చేరే ఆసుపత్రిలో పిల్లల డాక్టరుకు ముందే చెప్పి ఉంచమని భర్తనూ అత్తగారినీ ఒప్పించండి. ఇది సగం దారి. చెల్లెలికి తెలియకుండా ఆమె బిడ్డ గురించి మాట్లాడడం నాకు నచ్చదు, కానీ పూర్తి మౌనంకన్నా మేలు. ఏది ఎంచుకున్నా ఏడో నెల దాటకుండా తేల్చుకోండి.

బావతో ఎలా మాట్లాడాలి అన్నారు. నా సలహా, మాటలకు ముందు ఆయన్ని ఒకసారి డాక్టరు దగ్గరికి మీతో తీసుకెళ్లండి. ఇప్పటిదాకా రిపోర్టు మీ చేతికే ఇచ్చారు, వివరం మీకే చెప్పారు. ఆయనకు తెలిసింది తన పేరు పక్కన ‘పాజిటివ్’ అన్న ముక్క ఒక్కటే. ఈ మురుగు కాలువ సంగతి ఆయనకు మీకన్నా బాగా అర్థమవుతుంది, వ్యవసాయం చేసే మనిషి కదా.

చివర్లో చెబుతానన్నది ఇది. మీ ఉత్తరం నాలుగో పేజీ అడుగున, సంతకానికి పైన, ఏదో పక్క మాటలా ఒక వాక్యం రాశారు: ‘అమ్మమ్మ మాత్రం, మీ మావయ్యకూ పురిట్లో బాలగ్రహం పట్టింది, తాయెత్తు కడితే పోయింది, భయపడకు అంటోంది.’ మీ మావయ్య అంటే మీ మామగారు. మీ అమ్మకు తోడబుట్టినవాడు. ఆ బాలగ్రహం ఇదే అయితే, ఈ మార్పు మీ అత్తగారి నుంచి రాలేదు. మీ అమ్మమ్మ ఇంటి నుంచి వచ్చింది. మీ అమ్మా అక్కడే పుట్టింది, మీకు రాకపోవడం బొమ్మాబొరుసు లాంటి సంగతి. ‘మా వైపు’, ‘మీ వైపు’ అని మూడు నెలలుగా పోట్లాడుకుంటున్నారే, ఆ రెండు వైపులూ ఒకే గుమ్మంలోకి వెళుతున్నాయి. అత్తగారు కూడా ముప్పై ఏళ్లుగా తనది కాని నింద మోస్తున్నారేమో.

ఇది నా ఊహ. రక్తపరీక్ష చేస్తేనే తేలుతుంది, చేయించాలని పట్టుబట్టను. అమ్మమ్మ దగ్గరికి బాబుని తీసుకుని ఒకసారి వెళ్లి రండి. మావయ్యకు ఆ బాలగ్రహం పురిట్లో ఎన్నో రోజున పట్టుకుందో, ఎన్నో నెలలో వదిలిందో, తర్వాత ఎప్పుడైనా జ్వరంలో వచ్చిందో అడగండి. ఆవిడ చెప్పింది చెప్పినట్టు కాగితం మీద రాసుకుని, వచ్చే చెకప్‌కి రిపోర్టుతో పాటు పట్టుకెళ్లండి.